బొటనవేలు, పదకొండో భాగం: విప్పని కుట్టు

శనివారం లోపల చేయవలసిన పనులు. హాజరు పుస్తకం వెనక అట్ట మీద గ్రానాజ్ రాసుకున్నవి:

శనివారం బడికి రానని చీటీ పంపాలి.
మూడో తరగతి లెక్కల కాగితాలు దిద్దాలి.
అన్నయ్య ఉన్నికోటు వెన్ను దగ్గర చిరిగింది, కుట్టి జైలు గేటులో ఇవ్వాలి.
వదినకి ఇంకా ఏమీ తెలియనివ్వకూడదు.
బండి తీయమని లాల్‌బక్ష్ బాబాయిని బతిమాలాలి.
గజ్‌దాన్ వెళ్ళి సంజర్‌ని పట్టుకోవాలి.
సంజర్ చేత నిజం చెప్పించాలి. కాగితం మీద.

చివరి పని కింద రెండు గీతలు గీసింది. అది ఎలా చేయాలన్నది మాత్రం రాయలేదు. ఆమెకే తెలియదు.

కథ ఎక్కడ ఆగిందో ఒక్కసారి గుర్తుచేసుకుందాం. పద్నాలుగు నెలల క్రితం గ్రానాజ్ అన్న పీర్‌దాద్ ఇంట్లో సంజర్ అనే బాటసారి రెండు రోజులు ఉన్నాడు. మూడో రోజు పీర్‌దాద్ పికప్‌లోనే బయలుదేరాడు. తనిఖీ చౌకీ ఇంకా కొంత దూరం ఉందనగా, గుర్తింపు కాగితాలు లేవని దిగి, కొండ చుట్టూ నడిచి అవతల కలుస్తానన్నాడు. కాగితాలు లేనివాళ్ళు ఆ బలూచీ నేల మీద సగం మంది ఉంటారు. అందరూ అలాగే నడుస్తారు. అందుకని పీర్‌దాద్‌కి అనుమానం రాలేదు. చౌకీలో, సంజర్ బండిలో వేసిన జీలకర్ర బస్తా అడుగున మత్తుమందు పొట్లాలు దొరికాయి. బస్తా ఎవరిదని అడిగారు. నాదే, ఏమన్నా ఉంటే నన్నే అడగండి అన్నాడు పీర్‌దాద్. తన ఉప్పు తిన్న అతిథి సామానుకి ఇంటివాడే జవాబుదారు. పెద్దలు కూర్చుంటారు, వివరంగా అడుగుతారు, అప్పుడు అంతా చెప్పుకోవచ్చు అనుకున్నాడు. ఎవరూ కూర్చోలేదు. చదవలేని ఫార్సీ కాగితం మీద బొటనవేలు వేయించుకున్నారు. కోర్టులో వకీలు అతని ముఖం మొదటిసారి చూసింది విచారణ రోజు పొద్దునే. ఈ వేలిముద్ర నీదేనా అన్నారు, అవునన్నాడు. టీ చల్లారేలోపు విచారణ ముగిసింది. ఉరి. పైకోర్టు కూడా ఖాయం చేసింది. పదిహేనేళ్ళ జైలని వదిన గోహర్‌తో గ్రానాజ్ అబద్ధం చెప్పింది. కొత్త సాక్ష్యం ఏదైనా కాగితం మీద తెస్తే శనివారం దాఖలు చేస్తానని వకీలు అన్నాడు. గజ్‌దాన్‌లో సంజర్ ఇల్లుందని పోయిన వారమే తెలిసింది.

అలా గురువారం పొద్దున గ్రానాజ్, లాల్‌బక్ష్ బయలుదేరారు.

"నీ పుస్తకంలో నా పళ్ళ సంగతి రాశావా?" అన్నాడు లాల్‌బక్ష్, ఎండిన ఏటిలోకి బండి దింపుతూ. "ఈ గతుకులకి ఉన్న నాలుగూ రాలిపోయేట్టున్నాయి."

"నాలుగు లేవు బాబాయ్. మూడే."

"పంతులమ్మవి కదా, లెక్క తప్పవు." గతుకు దాటించి మళ్ళీ అన్నాడు. "వాడు ఇంట్లో ఉంటే ఏం చేస్తావే?"

"గడపలో కూర్చుంటాను. అన్నం ముట్టను, నీళ్ళు ముట్టను. ఇంటికొచ్చిన ఆడదాన్ని వట్టి చేతుల్తో పంపలేడు కదా."

"బలూచీవాడైతే పంపలేడు. అతిథిని చౌకీ ముందు వదిలేసి పోయినవాడు బలూచీవాడేనా అన్నదే నా అనుమానం."

"వదిలేసింది అతిథే బాబాయ్. అన్నయ్య అతిథి కాదు."

"అదే, అదే. ముసలాణ్ణి, తిరగేసి చెప్పాను. తప్పు మాత్రం అటూ ఇటూ ఒకటే."

గజ్‌దాన్ అంటే పది మట్టి ఇళ్ళు, నాలుగు ఈతాకు పాకలు. చివరి ఇంటి ముందు ఎండలో ఒక ముసలామె కూర్చుని, ముఖం పైకెత్తి, చేతులు చూడకుండా ఎర్ర దారంతో కుడుతోంది. కళ్ళ మీద తెల్లటి పొర. సంజర్ తల్లి నాజ్‌ఖాతూన్ అని పొరుగువాళ్ళు చెప్పారు. అడుగుల చప్పుడుకి సూది గుడ్డలో గుచ్చి లేచింది. ఎవరని అడగలేదు. లోపలికి పిలిచి, చాప వేయించి, కోడలిని నీళ్ళు తెమ్మంది.

కోడలు నీళ్ళు తెచ్చింది. గ్రానాజ్ గిన్నె అందుకోబోయి ఆగిపోయింది. కోడలి గౌను నల్లగా, నున్నగా ఉంది. గుండె మీద కుట్టులేదు, చేతుల అంచున కుట్టులేదు, ముందున్న పెద్ద జేబు మీద ఒక్క పువ్వు లేదు. కుట్టుపని లేని బట్ట ఆ నేల మీద ఒక్క మనిషే కడుతుంది. మొగుడు పోయినది.

ఆమె కంటికి గోడ మేకు కనిపించింది. దానికి మగవాడి చేతుల్లేని కోటు ఒకటి వేలాడుతోంది. దుమ్ము లేదు. ఎవరో రోజూ తుడుస్తున్నట్టుంది.

ఏడో పని అక్కడే కూలిపోయింది. చనిపోయినవాడి చేత నిజం ఎలా చెప్పిస్తారు? నీళ్ళు ముట్టనన్న సంగతి కూడా మరిచి గ్రానాజ్ గిన్నె ఎత్తి గటగటా తాగేసింది. లాల్‌బక్ష్ ఆమె వైపు చూసి తల దించుకున్నాడు. అతనికీ అర్థమైంది.

ఖర్జూరాలు వచ్చాయి. టీ వచ్చింది. ముసలామె మోకాళ్ళ చుట్టూ దుప్పటి బిగించుకుని అంది. "హాల్ ఇవ్వండి."

గుమ్మం దాటిన అతిథి హాల్ ఇచ్చి తీరాలి. ఎక్కడ బయలుదేరారు, దారిలో ఏం చూశారు, ఎందుకు వచ్చారు. చెప్పేటప్పుడు ఎవరూ అడ్డుపడరు. హాల్‌లో అబద్ధమాడినవాడి చేతి నీళ్ళు ఆ తర్వాత ఎవరూ తాగరు. పెద్దవాడు కనుక లాల్‌బక్ష్ మొదలుపెట్టాడు.

"అంతా ఖైరే, క్షేమమే. పొద్దున నమాజు అయ్యాక సియాకోర్‌లో బయలుదేరాం. దారిలో వాన లేదు, మేకలకి గడ్డి లేదు, మనుషులకి సిగ్గు లేదు. ఒకచోట చక్రం దిగబడింది. నేను సలహాలు చెప్పాను, ఈ పిల్ల తోసింది. అంతా ఖైర్."

"అది దారి హాల్ పెద్దాయనా. మీ పళ్ళలాగే సందులే ఎక్కువ," అంది ముసలామె, నవ్వకుండానే. "కడుపులో హాల్ ఎవరి దగ్గరుంది? ఈ అమ్మాయి టీ ముట్టలేదు. నాకు కళ్ళు లేవు గానీ చెవులున్నాయి."

గ్రానాజ్ ముందుకు జరిగి కూర్చుంది.

"నా పేరు గ్రానాజ్, పెద్దమ్మా. సియాకోర్ పీర్‌దాద్ చెల్లెల్ని."

గుమ్మం దగ్గర కోడలి చేతిలో కెటిల్ చప్పుడు చేసింది. ముసలామె కదల్లేదు.

"మీ అబ్బాయి మా ఇంట్లో రెండు రోజులున్నాడు. మా అన్నయ్య ఎవరినీ పేరు అడిగే రకం కాదు. మీ అబ్బాయి జ్వరంతో వచ్చాడు, చారు కాచి ఇచ్చారు. బస్తా మీ అబ్బాయిది. చౌకీలో మా అన్నయ్య నాది అన్నాడు. తర్వాత రెండు రోజులు అన్నయ్యని ఎవరూ చూడలేదు. మూడో రోజు..."

ఆగింది. ఇక్కడి నుంచి ఆమె అందరికీ చెప్పే కథ వేరు. వకీలుకి, వదినకి, ఊరికి చెప్పిన కథలో మూడో రోజు అన్నయ్యని కొట్టి వేలిముద్ర వేయించుకున్నారని ఉంటుంది. కొట్టింది నిజమే. కానీ అంతేనా? హాల్‌లో సగం చెప్పడం కుదరదు.

"మూడో రోజు నాకు ఫోన్ వచ్చింది. అక్కడి సిపాయి ఒకతను మనవాడే. జాలిపడి తన ఫోన్ ఇచ్చాడట. నేను పరీక్ష గదిలో కాపలా ఉన్నాను. అన్నయ్య అన్నాడు, 'చెల్లీ, నాలుగు పేజీల కాగితం ముందు పెట్టారు, ఏముందో నాకు తెలీదు, నువ్వొచ్చి చదువుతావా, నువ్వొచ్చే దాకా వేలు వెయ్యనని చెప్పనా' అని."

లాల్‌బక్ష్ చేతిలో ఖర్జూరం అలాగే ఉంది.

"మా వంశంలో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే పెద్దమ్మా. నన్ను పట్నంలో చదివించడానికి అన్నయ్య బడి మానేసి బండి తోలాడు. ఎప్పుడన్నా కాగితం వస్తే చదివేవాళ్ళు ఇంట్లో ఒకరుండాలి అనేవాడు. ఆ కాగితం వచ్చింది. నేను, పరీక్ష జరుగుతోంది, ఇన్స్పెక్టర్ గదిలో ఉన్నాడు, అనుకున్నాను. 'వేసి వచ్చెయ్ అన్నయ్యా, ఇంటికొచ్చాక చూద్దాం' అన్నాను. సరే అన్నాడు. వేశాడు. అంతే నా హాల్. ఇది ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు."

బయట మేక ఒకటి రేకు డబ్బాని తన్నింది. గ్రానాజ్ లాల్‌బక్ష్ వైపు చూడలేకపోయింది.

నాజ్‌ఖాతూన్ అంది. "ఇప్పుడు ఇంటివాళ్ళ హాల్. నువ్వు నిజం పెట్టావు, నేను అబద్ధం పెడితే బాగుండదు." ఆమె చెయ్యి గోడ వెంబడి తడుముకుంటూ వెళ్ళి కోటు అందుకుంది. ఒళ్ళో పెట్టుకుంది. "నా కొడుకు మీ చౌకీ అవతల పొద్దుగుంకే దాకా కూర్చున్నాడట. బండి రాలేదు. నాలుగు నెలలకి వాణ్ణీ పట్టుకున్నారు, వేరే ఊళ్ళో, వేరే బస్తాతో. ఒక్కరోజు విచారణ. ఉరి తీసి ఏడు నెలలైంది. ఒక గుంట చూపించి ఇదే అన్నారు, రాయి పెట్టనివ్వలేదు. చెప్పులు, టోపీ, ఈ కోటు మూటకట్టి గేటులో ఇచ్చారు."

"అల్లా క్షమించుగాక," అన్నాడు లాల్‌బక్ష్ మెల్లగా.

"ముందురోజు చూడనిచ్చారు. అద్దానికి అటు వాడు, ఇటు నేను. ఏడవలేదు. ఒకటే మాట అన్నాడు. 'అమ్మా, కోటు లోపలి కుట్టు నీది కాదు' అన్నాడు." ఆమె వేళ్ళు కోటు లోపల, ఎడమ చంక కింద ఒక చోటికి నేరుగా వెళ్ళి ఆగాయి. "ఇక్కడ. ఎవడో మగాడు కుట్టాడు. గోనె కుట్టినట్టు ఉంది. లోపల కాగితం ఉంది, వంచితే చప్పుడవుతుంది. ఏడు నెలలుగా రోజూ ముట్టుకుంటున్నాను. విప్పలేదు."

"ఎందుకు పెద్దమ్మా?"

"విప్పితే చదివించాలి. చదివిస్తే వాడి మాట నా నెత్తిన పడుతుంది. ఊరందరికీ నా కొడుకు జీలకర్ర మోసేవాడని చెప్పాను. నాకూ అదే చెప్పుకున్నాను. కుట్టు విప్పనంతసేపూ వాడు జీలకర్రే మోశాడు." ఆమె గొంతు మారలేదు. కోటుని ఇంకా దగ్గరికి లాక్కుంది. "మీ అన్న బతికున్నాడని తెలుసు నాకు. తెలిసీ విప్పలేదు. ఇదీ నా హాల్."

గ్రానాజ్‌కి కోపం రావలసింది. ఏడు నెలలు. ఏడు నెలల క్రితమే ఆ కాగితం వచ్చి ఉంటే పైకోర్టు తీర్పుకి ముందే అందేది. కానీ కోపం లేవబోయి కూలబడింది. ఆ ముసలామెదీ తనదీ ఒకే తప్పు. కాగితం చదవవలసిన వేళ ఇద్దరూ చదవలేదు.

"నాకివ్వండి," అంది.

అప్పుడు కోడలు మాట్లాడింది. "అత్తా, అది కోర్టుకి పోతే నా పిల్లల గతేంటి? రేపు బడిలో ఈవిడలాంటి పంతులమ్మే పేరు పిలుస్తుంది. ఫలానావాడి కొడుకా అని పక్కనున్నవాళ్ళు నవ్వుతారు. ఆయన పోయాడు. పేరు కూడా పోవాలా?"

బడిలో పిల్లలు ఏమంటారో గ్రానాజ్‌కి బాగా తెలుసు.

"ఏమంటారో అదే అంటారు," అంది నాజ్‌ఖాతూన్. "ఈ అమ్మాయి ఇంట్లో వాడికి ఏం పెట్టారో నీకు చెప్పాడా లేదా?"

కోడలు నేల చూపులు చూసింది. "చెప్పాడు."

"ఏం చెప్పాడు?"

"పాలిచ్చే మేకని కోశారట. ఇంట్లో అదొక్కటే మేకట."

"మరి?"

కోడలు కెటిల్ కింద పెట్టి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. ఇక రాదేమో అనుకుంది గ్రానాజ్. వచ్చింది. చేతిలో బ్లేడు. అత్త పక్కన కూర్చుని, ఒక్కో పోగూ తెంపుతూ తానే ఆ కుట్టు విప్పింది. తెగిన దారాన్ని మాత్రం పారేయలేదు, వేలికి చుట్టుకుంది.

మడతల్లో నలిగిన మూడు కాగితాలు. నీలం సిరా. ప్రతి పేజీ అడుగునా ఒక బొటనవేలు, పక్కన సాక్షులవి ఇంకో రెండు. గ్రానాజ్ మొదటి వరుస కళ్ళతోనే చదివింది. 'సియాకోర్ పీర్‌దాద్ బండిలో దొరికిన బస్తా నాది, లోపల ఏముందో అతనికి తెలియదు.' ఊపిరి ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"నా ముందు పైకి చదవకు," అంది ముసలామె. "ఊరు దాటాక చదువుకో. నేనున్నంత కాలం వాడు జీలకర్ర మోసినవాడే." గ్రానాజ్ వంగి ఆమె చేతులు కళ్ళకద్దుకుంది. ఆ వేళ్ళ నిండా సూది పోట్లు.

బండి ఏరు దాటింది. గ్రానాజే ముందు అంది.

"ఏదన్నా అను బాబాయ్. తిట్టు."

లాల్‌బక్ష్ చాలా దూరం తోలాడు. "నాకు తెలుసే," అన్నాడు. "మొదటి ములాఖత్‌లోనే పీర్‌దాద్ చెప్పాడు. చెల్లి వేసెయ్యమంది అన్న సంగతి ఎవరి దగ్గరా అనకు బాబాయ్, దాని ఉద్యోగం పోతుంది అన్నాడు. తనకి గుర్తుందని నీకు తెలియనివ్వద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు తెగింది ఒట్టు. రాలిన పళ్ళతో పాటు అదీ పోయింది."

గ్రానాజ్ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఏడుపు శబ్దం లేకుండా, ఇసుక జారినట్టు వచ్చింది. పద్నాలుగు నెలలుగా ఆమె మోస్తున్నదాన్ని అద్దానికి అటువైపు నుంచి అన్నయ్య కూడా మోశాడు. ప్రతి ములాఖత్‌లో, బడి ఎలా ఉందే, పిల్లలు మాట వింటున్నారా, అని అడుగుతూ.

మెట్ట ఎక్కగానే ఫోన్‌కి సిగ్నల్ అందింది. వెంటనే మోగింది. వదిన గోహర్.

"ఎక్కడున్నావు పిల్లా, పొద్దున్నుంచి కొడుతున్నాను." గోహర్ గొంతు ఉత్సాహంగా ఉంది. "జైలు నుంచి ఫోన్ చేశారు. రేపు పొద్దున ఎనిమిదికి పిల్లల్ని తీసుకుని రమ్మన్నారు. శుక్రవారం ఎప్పుడన్నా చూడనిచ్చారా? అద్దం కూడా ఉండదట, ఒకే గదిలోనట. నాకెందుకో విడుదల సంగతేనేమో అనిపిస్తోంది. ఉన్నికోటు తేవచ్చా అని అడిగాను. అక్కర్లేదు, ఏమీ తేవద్దు అన్నారు. అంటే చలి పోయేలోపే ఇంటికొచ్చేస్తాడనేగా?"

గ్రానాజ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వింటున్నావా? ఎర్ర గౌను కట్టుకోనా? ఆయనకి అదంటే ఇష్టం. పిల్లలకి కాటుక పెట్టనా?"

"కట్టుకో వదినా," అంది గ్రానాజ్. "పెట్టు. బాగా పెట్టు."

ఫోన్ పెట్టేశాక బాబాయికి చెప్పవలసిన అవసరం రాలేదు. ఇంటివాళ్ళని అలా పిలిచి చూపించేది ఉరికి ముందురోజే. శుక్రవారం అన్నీ మూసి ఉంటాయి. కోర్టులో కాగితం తీసుకునే గది తెరిచేది శనివారం ఎనిమిదికి. ఉరి తీసేది అదే రోజు తెల్లవారుజాము అజాన్ వేళకి. ఆ మధ్య రెండు మూడు గంటలు, అంతే. చేతిలో కాగితం ఉంది. ఇద్దామంటే చెయ్యి చాచేవాడే లేడు.

లాల్‌బక్ష్ బండి ఆపాడు. తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"ఉరి రాసిన ఆ జడ్జి ఇల్లెక్కడో వకీలుకి తెలుసునా?"

"తెలిసే ఉంటుంది. ఎందుకు?"

"సంజర్ ఇంటి గడపలో కూర్చుంటానన్నావు కదా. ఈ గడపలో కూర్చో. నేనూ కూర్చుంటాను."

"ఆయన మనవాడు కాదు బాబాయ్. గడపలో ఆడది కూర్చుంటే ఏం చేయాలో ఆయనకి తెలియదు."

"తెలియకపోతే అడుగుతాడు. అడిగితే హాల్ ఇద్దాం. నీ కొడుకుని ఇంతవరకు ఎవరూ హాల్ అడగలేదే, అదే కదా మన బాధ." కొడుకు అన్నాడు, అన్నకి బదులు. దిద్దుకోలేదు. గేరు మార్చి పట్నం దారి పట్టాడు. అయిదు గంటల దారి.

వకీలు ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు. ఆగకుండా కొడుతూనే గ్రానాజ్ కాగితాలు ఒళ్ళో పరిచి చదివింది. మొదటి రెండు పేజీలు పీర్‌దాద్ గురించే. తేదీ, చోటు, బస్తా రంగు, దిగిపోయిన వంక. మూడో పేజీకి వచ్చేసరికి సంజర్ చెబుతుంటే పక్క గది ఖైదీ రాసిపెట్టిన ఆ అక్షరాలు చిన్నవయ్యాయి. చోటు సరిపోదని భయపడినట్టు.

'ఇంకొకతను ఉన్నాడు. పేరు షంబే. కొండ దారిలో మాకు నీళ్ళు మోసేవాడు. నాతో పట్టుబడ్డాడు. అతనికి పుట్టిన కాగితం లేదు, గుర్తింపు కాగితం లేదు. ప్రభుత్వం అతని పేరు మొదటిసారి రాసింది ఉరి కాగితం మీదే. అతనికి ఫార్సీ ఒక్క ముక్క రాదు. పెద్దవాళ్ళు అడుగుతుంటే తల ఊపడం మర్యాదని, జడ్జి అడిగిన ప్రతిదానికీ ఊపాడు. వయసు ఎంతని అడిగితే కూడా ఊపాడు. నాకంటే ముందు మంగళవారం తీసుకెళ్ళారు. ఎడమ చెప్పు తాడుతో కట్టుకునేవాడు. వెళ్ళేటప్పుడు ఆ తాడు విప్పి, ఎవరికన్నా పనికొస్తుందని నా చేతికిచ్చాడు. ఈ కాగితాన్ని కోటులో పెట్టి కుట్టేది ఆ తాడు పోగులతోనే.

నన్ను మా అమ్మ తలుచుకుంటుంది. పీర్‌దాద్‌కి చదువుకున్న చెల్లెలుంది, ఆమె వస్తుంది. షంబే కోసం ఎవరూ రారు. తండ్రి పేరు అతనికే తెలియదు. ఇది చదువుతున్నవాళ్ళు, మీరెవరైనా సరే, మీకు అతను ఏమీ కాకపోయినా సరే, అతన్ని గుర్తుపెట్టుకోండి. పేరు షంబే.'